వెల్సు గ్రంథములలో నేవి చదువవలెను?

పుస్తకము చదువుట యొక యెత్తు. చదువదగిన పుస్తకమును ఎంచుకొనుట మరియొక యెత్తు. కొలదిగా వ్రాసిన కవి విషయమున నీ చిక్కు లేదు. కాని 1866లో జన్మించి 1946లో దివంగతుడైన ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు అర్ధశతాబ్ది కాలము ఎడతెగక వ్రాసెను. నవలలు, కథలు, చరిత్రలు, రాజకీయ వ్యాసములు అన్నియు చేర్చినచో నొక బీరువా నిండును. వానినన్నిటిని చదువ తీరికయు లేదు, చదివినను ఫలము తక్కువ. కొన్నిటిని ఏరి తక్కినవానిని విడువవలసినదే. ఏ గీటురాయితో నేరవలెనన్నదియే ప్రశ్న.

వైజ్ఞానిక కల్పనలు వ్రాసినవానిని జోస్యము ఫలించినదా లేదా యని కొలుచుట లోకమున పరిపాటి. ఆ లెక్కను 1914లో వెలువడిన 'ది వరల్డ్ సెట్ ఫ్రీ' అగ్రగణ్యము కావలెను. అణుబాంబు అను మాటను, విమానముల నుండి దానిని విడుచుటను ఆ నవల ముందే చెప్పినది. భౌతికశాస్త్రజ్ఞుడు లియో జిలార్డ్ 1932లో దానిని చదివెను. మరుసటి యేట అణు శృంఖలాచర్యను గూర్చి యోచించుచు దానిని స్మరించెను. ఇంతటి ఘనత గలిగియు, నవలగా నది నీరసము. పుస్తకము మూసిన పిమ్మట ఒక్క మనిషి ముఖమైనను కన్నులకు కట్టదు. ఉపన్యాసము మాత్రము చెవిలో మిగులును. జోస్యము ఫలించినంత మాత్రమున కావ్యము పండదు.

మా గీటురాయి వేరు. అసంభవమైనది ఒక్కటే యుండవలెను. తక్కినదంతయు మన యిరుగుపొరుగు వలె నమ్మదగినదై యుండవలెను. 1897 నాటి 'ది ఇన్విజిబుల్ మ్యాన్'ను చూడుడు. గ్రిఫిన్ అనువాడు అదృశ్యుడగుట యొక్కటే యందలి వింత. దేహము కనబడకున్నను తొడిగిన దుస్తులు కనబడును గనుక, జనవరి చలిలో లండను వీధుల దిగంబరుడై తిరుగవలెను. తిన్న ఆహారము అరుగువరకు పైకి కానవచ్చును. కుక్కలు వాసన పట్టును. బురద పాదముల కంటి జాడ తెలుపును. 1884లో లండను నగరమున హక్స్లీ పండితుని కడ జీవశాస్త్రము నభ్యసించిన విద్యార్థి యెవరో ఈ వివరములే చెప్పుచున్నవి. ఇట్టి నిగ్రహము వెల్సునకు 1895 మొదలు 1901 వరకు నిండుగా నుండెను. కావున ఏరుకొనువారు ఆ యేడేండ్ల పంటను ముందుగా చూడవలెను.

మొదట 'ది టైమ్ మెషీన్' (1895) చదువుడు. చిన్న పుస్తకము. 8,02,701వ సంవత్సరమున మానవజాతి రెండుగా చీలియుండును: పని మరచిన సుకుమారులు నేలపైన, యంత్రముల నడుమ బ్రతుకువారు నేలక్రింద. పిమ్మట 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1898). అంగారకవాసులు ఇంగ్లండుపై బడిన కథ యిది. తొలి అధ్యాయముననే రచయిత టాస్మానియా ఆదివాసులకు ఐరోపావారు చేసిన వినాశమును గుర్తుచేసి, తన పాఠకులను సిగ్గుపడునట్లు చేయును. సామ్రాజ్యము ఉచ్చస్థితిలో నున్న నాడు అట్లు వ్రాయుట సామాన్యము కాదు. మూడవది 'ది ఇన్విజిబుల్ మ్యాన్'. 'ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో' (1896) శక్తిమంతమే యైనను, జంతువులను కోసి మనుష్యులుగా మార్చు బీభత్సము గలది. పిల్లల చేతికి ఈయరాదు.

నాలుగవదిగా నొక కథను చెప్పెదము. కాలమున నది ఆ యేడేండ్లకు ఆవలిదే, గుణమున ఈవలిది. 1904 నాటి 'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్'లో న్యూనెజ్ అను చూపుగలవాడు ఆండీస్ పర్వతములలో తరతరములుగా అంధులే నివసించు లోయలో పడును. చెట్టు లేనిచోట ఆముదమే మహావృక్షమన్నట్లు తానే రాజు కాగలనని తలచును. కాని వారి యిండ్లకు కిటికీలు లేవు, పనులు రాత్రివేళ సాగును. వినికిడిలో వారు వీనిని మించినవారు. వాడోడిపోయి వారిలో నొకడై, ఒక కన్యను ప్రేమించును. పెద్దలు పెండ్లికి ఒక్క షరతు పెట్టుదురు: నీ వ్యాధికి మూలమైన కన్నులను తీయించుకొనవలెను. ఒప్పుకొన్నవాడే ఆనాటి ఉదయమున కొండ యెక్కి వెడలిపోవును.

1939లో వెల్సు ఈ ముగింపును మార్చెను. అందు కొండ విరిగిపడి లోయ నశించును. న్యూనెజ్ ప్రియురాలితో బయటపడును. మాకు మొదటి ముగింపే మిన్న. రెండవదానిలో రచయితయే కొండను పడద్రోసి తన నాయకుని పక్షమున తీర్పు చెప్పినట్లున్నది. మొదటిదానిలో తీర్పు మనకే విడువబడినది.

పరభాషల నడుమ తరతరములుగా నిలిచిన మన కుటుంబములకు ఆ తీర్పు చెప్పుట సులువు కాదు. పొరుగువారు అంధులని మేమనుట లేదు. కథలోని అంధులకును తమ విద్య తమకు కలదు, దానిని తృణీకరించినందుననే న్యూనెజ్ ఓడెను. పొరుగువారి విద్యను నేర్చుకొనవలెను. అందులకు మారుగా మన కన్నులను ఈయరాదు. పొరుగు భాషకు గడప తెరచుట వేరు, ఇంటి భాషను గడప దాటించుట వేరు. ఈ రెంటి నడుమనున్న సన్నని త్రోవను ముప్పది పుటలకు మించని ఈ కథ చూపుచున్నది. వెల్సు బీరువాలో ఒక్కటే తీయ వీలున్నచో, దానినే తీసి మీ పిల్లలతో గూడి చదువుడు.