కంప్యూటరు తెరపై శస్త్రవిద్య: ఒక ప్రయోగముపై విమర్శ

నీటిలో దిగనిదే ఈత రాదందురు. వైద్యుని విషయములో ఆ నీరు రోగి శరీరమే. మరి అతని తొలి తప్పులన్నియు అక్కడనే జరుగవలెనా? అక్కరలేదు, కంప్యూటరు సృష్టించు కల్పిత దృశ్యములో వాటిని ముందుగా చేసి దిద్దుకొనవచ్చునని వర్చువల్ రియాలిటీ శిక్షణను సమర్థించువారు వాదింతురు. ఇందుకు తార్కాణముగా తరచు చూపబడునది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జరిగి, 2002లో ప్రకటింపబడిన ప్రయోగము. దానిని కొంచెము నిదానించి పరిశీలింతము.

పిత్తాశయమును లాపరోస్కోపీ పద్ధతిలో తొలగించునపుడు కడుపును పెద్దగా కోయరు. చిన్న రంధ్రముల గుండా పొడవాటి పరికరములను, కెమెరాను లోనికి పంపి, తెర మీది బొమ్మను చూచుచు పని చేయుదురు. ఇచ్చట ఒక చిక్కున్నది. పరికరము ఉదరపు గోడ వద్ద ఆనుకొని తిరుగును గనుక అది మొదటి రకపు మీట. గునపము క్రింద చిన్నరాయి పెట్టి బండను లేపునపుడు చేయి క్రిందికి పోగా మొన పైకి లేచునట్లే, ఇక్కడ చేతిని ఎడమకు జరిపిన మొన కుడికి పోవును. ఉన్నత పాఠశాలలో చదివిన సూత్రమే! అయినను దానిని వ్రేళ్లకు నేర్పుటకు ఎంతో సాధన కావలెను.

యేల్ ప్రయోగములో 16 మంది శిక్షణ వైద్యులు పాల్గొనిరి. సగముమంది మామూలు శిక్షణతో పాటు యంత్రము మీద కూడ సాధన చేసిరి. పిమ్మట అందరును అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నిజమైన రోగులకు చికిత్స చేయగా, ఎవరు ఏ జట్టువారో తెలియని పరీక్షకులు ఆ వీడియోలను చూచి తప్పులు లెక్కించిరి. యంత్రముపై సాధన చేసినవారు పనిని 29 శాతము త్వరగా ముగించిరి. వారి తప్పులు రెండవ జట్టు తప్పులలో సుమారు ఆరవ వంతు.

నాకు మిక్కిలి నచ్చిన సంగతి వేరొకటి. ఆ యంత్రపు తెరపై కాలేయము లేదు, పిత్తాశయము లేదు, రక్తము లేదు. గోళములు మొదలగు సాదా ఆకృతులే ఉన్నవి. తలక్రిందులైన కదలికను మాత్రమే అది చేతికి నేర్పినది. అదియును ఇన్ని గంటలని లెక్క పెట్టక, నిష్ణాతులైన శస్త్రవైద్యుల స్థాయిని అందుకొను వరకు. (మన ప్రయోగశాలలలో గంట కొట్టగానే సాధన ముగియును, వెర్నియరు చదువుట వచ్చినను రాకున్నను!) కనుక నిగనిగలాడు అవయవముల బొమ్మలు చూపి, అచ్చము నిజమువలె నున్నవని యంత్రములను పొగడువారికి ఈ ప్రయోగము ఆసరా కాజాలదు.

లోపమును కూడ చెప్పవలెను. పరీక్షకులు లెక్కించినది చికిత్స మొత్తమును కాదు. పిత్తాశయనాళమును, ధమనిని కత్తిరించిన తరువాత, పిత్తాశయమును కాలేయము నుండి విడదీయు ఘట్టమును మాత్రమే. అందరును భయపడు ప్రమాదము అంతకు ముందే జరుగును. అది పిత్తాశయనాళమనుకొని ప్రధాన పిత్తనాళమును కోయుట. ఈ నాళముల అమరిక అందరిలో ఒకే తీరున నుండదు. 2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వైద్యులు ఇట్టి 252 ప్రమాదములను విశ్లేషించి, 97 శాతములో మూలకారణము దృష్టిభ్రమ యనియు, చేతి నైపుణ్యములో లోపము కనబడినవి 3 శాతమే యనియు తేల్చిరి. యేల్ యంత్రము కంటికి ఈ విషయములో నేర్పినది ఏమియు లేదు.

పలు రకముల నాళపు అమరికలను వరుసగా చూపి, "ఇది ఏ నాళము? కోయుదువా, ఆగుదువా?" అని ప్రశ్నించు కల్పిత శిక్షణకు కూడ ఇట్టి కఠిన పరీక్షయే పెట్టవలెను. అందుకు 16 మంది చాలరు. ప్రధాన నాళము తెగుట అరుదు గనుక, తేడా కనిపించుటకు వేలకొలది చికిత్సలను లెక్కింపవలసి యుండును.