ఆరి 2సి కడుపులో

పాత కెమెరా చేతికొస్తే ఎవరైనా ముందు పైపైన తుడుస్తారు. నేను తలుపు తీసి, ఫిల్మ్ నడిచే దారైన గేటు చూస్తాను. ఈమధ్య ఒక రిటైరైన కెమెరా అసిస్టెంట్ గారి ఇంటి నుంచి వచ్చిన ఆరిఫ్లెక్స్ 2సి సినిమా కెమెరా గేటు అంచున గోధుమరంగు పొక్కు కట్టి ఉంది. ఏళ్ల తరబడి నడిచిన ఫిల్మ్ నుంచి రాలి గట్టిపడిన ఎమల్షన్ అది. అలాగే వదిలేస్తే రీలు పొడవునా గీత పడుతుంది. ఇనుప పరికరం తగిలించకూడదు. ఆల్కహాల్‌తో నానబెట్టి, వెదురు పుల్లతో ఓపిగ్గా గీకాలి. లోపల తిరిగే అద్దం జోలికి మాత్రం గుడ్డ కూడా వెళ్లకూడదు. దాని పూత ముందువైపే ఉంటుంది, గాలి ఊది వదిలేయాలి.

ఆ తిరిగే అద్దమే ఈ కెమెరా గొప్పదనం. మ్యూనిక్‌లోని ఆర్నాల్డ్ అండ్ రిక్టర్ వాళ్లు 1937లోనే దాన్ని షట్టర్‌గా పెట్టారు. ఈ 2సి మోడల్ మాత్రం 1964లో వచ్చింది. మన యూనిట్లలో ఎన్నో ఏళ్లు తిరిగింది. దీని చప్పుడుకు లొకేషన్లో మాట పట్టడం కష్టమయ్యేది, డైలాగులు తర్వాత డబ్బింగ్‌లో చెప్పాల్సి వచ్చేది.

పనికిరాని ఫిల్మ్ ముక్క ఎక్కించి చేత్తో మెల్లగా తిప్పాను. క్లా అనే కొక్కెం నాలుగు రంధ్రాల మేర ఫిల్మ్‌ను కిందికి లాగుతుంది. లాగినంతసేపూ అద్దం గేటుకు అడ్డం నిలిచి, వెలుగును వ్యూఫైండర్‌కు మళ్లించాలి. ఈ లెక్క కాస్త తప్పినా తెరమీద దీపాలు నిలువు చారలుగా సాగుతాయి. అద్దం అడ్డున్నప్పుడే వ్యూఫైండర్‌లో బొమ్మ కనిపిస్తుంది కనుక కెమెరామన్ చూసిన క్షణం ఫిల్మ్ మీద పడదు, ఫిల్మ్ మీద పడిన క్షణం ఆయన కంటికి అందదు. సెకనుకు 24 సార్లు ఇదే వరస. మానిటర్ లేదు, 400 అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాల్లోపే ఖాళీ. ల్యాబ్ నుంచి రషెస్ వచ్చేదాకా ఆయనకు దిక్కు ఈ యంత్రం మీది నమ్మకమే. అందుకే నా దృష్టిలో బాగుచేయడమంటే ఆ నమ్మకాన్ని తిరిగి నిలబెట్టడం.

ఈ కెమెరాకు కింద ఉండే మోటారే పిడి. అక్కడ రంగంతా అరిగి లోహం తేలింది. ఆ అరుగుదల పనిచేసిన చేతులది, నేను దాన్ని ముట్టుకోలేదు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే తోలు పెట్టెలోంచి తీసి పొడిచోట పెట్టండి. చెమ్మకు లెన్సులో బూజు పడుతుంది. గ్రీజు గడ్డకట్టి ఉంటుంది కనుక సరదాకి కూడా బ్యాటరీ తగిలించవద్దు. ముందు తెలిసిన మెకానిక్‌కు చూపించండి. రంగు మాత్రం వేయించకండి.