'అందరు' అను పేరు గల తాళపుచెవి

గోనెగండ్లలో ఒక చిన్న కార్యాలయమున నాలుగు కంప్యూటర్లు ఉన్నవి. ఒకదానిలోని ఫైళ్లను తక్కిన మూడింటి నుండి కూడ తెరచుటకు వీలు కల్పింపవలసి వచ్చినది. పని చేసిన కుర్రవాడు, ఎంత ప్రయత్నించినను 'అనుమతి లేదు' అను సమాధానమే వచ్చుచుండగా విసిగి, అనుమతుల పట్టీలో 'అందరు' అను పేరు చేర్చి పూర్తి అధికారము ఇచ్చివేసినాడు. వారము తిరుగకముందే ఒక జమాఖర్చుల ఫైలు మాయమైనది. అందరును ఒకే అతిథి ఖాతాతో వచ్చువారే గనుక తుడిచినదెవరో తేలలేదు. 1984లో కరణాల పదవులు రద్దగు వరకు గ్రామ లెక్కలు ఒక్కరి చేతిలో ఉండెడివి. ఆ పద్ధతిలో లోపములెన్నో కలవు. కాని లెక్క మారినచో ఎవరిని అడుగవలెనో ఊరికి తెలియును.

అందరును కుర్రవానిని నిందించినారు. నా ఫిర్యాదు విండోస్ ఏర్పాటుపైననే.

ఇందులో ద్వారములు రెండు. వలమీదుగా ఫోల్డరును పంచుటకు ఇచ్చు అనుమతి ఒకటి. డిస్కుమీద ఆ ఫైలుకే ఉన్న అనుమతి రెండవది. రెండును ఒప్పుకొన్నంత మేరకే వచ్చినవానికి ప్రవేశము. ఈ రెండు పట్టీలు వేరువేరు పుటలలో ఉండును. కాదన్నది ఏ ద్వారమో ఆ సమాధానము చెప్పదు. అట్టి స్థితిలో మనిషి రెండు తలుపులను బార్లా తెరచుటలో ఆశ్చర్యమేమున్నది?

మరియొక చిక్కు పేర్లది. ఈ యంత్రములోని 'రమణ', ఆ యంత్రములోని 'రమణ' మనకు ఒక్కరే. యంత్రము మాత్రము పేరును గాక, ఖాతాకు తానిచ్చిన సంఖ్యను చూచును. కనుక ఇద్దరును వేరు. పెద్ద సంస్థలలో ఖాతాలన్నియు ఒక కేంద్ర యంత్రము వద్ద ఉండును. స్థానిక ఫైలు పట్టీలో ఆ కేంద్రపు ఖాతాను, అంతకన్న మేలుగా ఖాతాల బృందమును, చేర్చిన చాలును. నాలుగు యంత్రముల కార్యాలయమున కేంద్రమెక్కడిది? ఫైళ్లున్న యంత్రములోనే ఒక్కొక్కరికి ఒక ఖాతా తెరువవలెను.

అవసరమైనంతకు మించి అధికారమీయరాదనియు, ఈయనిదానిని నిరాకరించుటే సహజస్థితిగా ఉండవలెననియు సాల్ట్జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు 1975లోనే వ్రాసినారు. రక్షణ ఏర్పాటు వాడువానికి సులభముగా ఉండవలెనన్నది కూడ వారి మాటయే. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. ఒక్కొక్క ఫైలుకు ఒక్కొక్క పట్టీ నుంచుకొనగలిగినది, అది మెచ్చదగినదే. కాని క్రొత్తగా పంచిన ఫోల్డరుకు అది తానుగా ఇచ్చునది 'అందరికీ పూర్తి అధికారము'. 2003 నాటి సర్వరులో గాని అది 'చదువుట మాత్రమే'గా మారలేదు!

2017 మే నెలలో వాన్నాక్రై మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లను కొన్నింటిని పట్టినది. అది అనుమతుల లోపముతో గాక, ఫైళ్లు పంచు సాధనములోని ఒక తప్పుగుండా వచ్చినది. అయినను ఇట్టివి ఒక యంత్రమును పట్టినచో, ఆ మనిషికి వ్రాయు హక్కున్న పంచిన ఫోల్డర్లు కూడ వాటి వాతబడును.

ఆ కార్యాలయమున నాలుగు ఖాతాలు తెరచి, ఇద్దరికి వ్రాయు హక్కును, ఇద్దరికి చదువు హక్కును ఇచ్చి, 'అందరు'ను తీసివేసి వచ్చితిని. మరునాడే ఫోను: "సార్, ముందు ఏమీ అడిగేది కాదు. ఇప్పుడు పాస్‌వర్డు అడుగుతాంది. చెడిపోయినట్టుంది, ఒకసారి వచ్చి చూడండి."