లంగరు ఎత్తే వేళ

రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు ఈ వారం ఉత్తరం రాశారు. రిటైరైన లెక్కల టీచరు. అమెరికాలో ఉన్న కొడుకు, అతని స్నేహితుల కుటుంబాలు కలిసి వచ్చే ఫిబ్రవరిలో కరేబియన్ దీవుల్లో తిరగడానికి తెరచాప పడవ మాట్లాడుకున్నారట. అమ్మానాన్నల్ని కూడా రమ్మంటున్నారట. ఉత్తరంతో పాటు ఆ యాత్ర పట్టిక కూడా పంపారు. ఆరున్నరకు కాఫీ, ఏడింటికి లంగరు ఎత్తడం, పదకొండున్నరకు ఒక దీవి, రెండింటికి ఈత, నాలుగింటికి బయల్దేరి మరో తీరం. "విహారానికి వెళ్లి గడియారం చూసుకోకూడదని మీరే కదండీ రాస్తుంటారు. మరి ఇది విహారమేనా? వెళ్లమంటారా, మానమంటారా?" అని అడిగారు.

పట్టిక చూడగానే నాకు ఒళ్లు మండింది. ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పోరు తెలిసిందే. బస్సు దిగి, ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కే యాత్రలు నాకు పడవు. ఒక ఊరికి వెళ్తే ఆ ఊళ్లో కూర్చోవాలి. ఒక అరుగో, చెట్టు నీడో, టీ కొట్టు బల్లో దొరికితే చాలు, మిగతాది ఆ ఊరే చూపిస్తుంది. అరకు గురించి రాసినప్పుడూ ఇదే అన్నాను, పాపికొండల గురించి రాసినప్పుడూ ఇదే అన్నాను. సముద్రం మీద కూడా గంటల పట్టికా? అందులోనూ ఆ దీవులు నేను చూసినవి, మనసారా ఇష్టపడినవి.

ఆ దీవులున్న దేశం పేరు సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్. పెద్దవీ చిన్నవీ కలిపి 32 దీవులు. 1979 అక్టోబరు 27న బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. పెద్ద దీవిలో రాజధాని కింగ్స్‌టౌన్ ఉంది. అక్కడి రేవులో ఫెర్రీ ఎక్కితే గంటలో బెక్వే దీవి. దీని వైశాల్యం 18 చదరపు కిలోమీటర్లు. కాకినాడలో కలిసి చదువుకుని తలో దేశంలో స్థిరపడిన మిత్రులం కొన్నేళ్ల క్రితం ఒక ఫిబ్రవరిలో అక్కడ కలుసుకున్నాం. రేవు ఊరు పోర్ట్ ఎలిజబెత్. దాని ముందున్న అడ్మిరల్టీ బే పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి తూర్పు నుంచి వచ్చే గాలికి కొండలు అడ్డం. ఎప్పుడు చూసినా లంగరు వేసిన పడవలతో నిండుగా ఉంటుంది. నీటి అంచునే కాలిబాట. దాని మీద నడిచి వెళ్తే ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్, అది దాటితే లోయర్ బే.

మొదట్లో మేం నేను కోరుకున్నట్టే గడిపాం. బాదం చెట్ల నీడన పడుకున్నాం, ఆకలేస్తే లేచాం. ఆ తీరాల్లో అన్ని చెట్ల నీడా మంచిది కాదు. మాంచినీల్ అనే చెట్టు ఒకటుంది. చిన్న పచ్చటి ఆపిల్‌లాంటి కాయలు కాస్తుంది. దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వాన పడుతుంటే దాని కింద నిలబడినా ప్రమాదమే. టీచరుగారూ, వెళ్తే మనవల్ని ఆ చెట్టు దగ్గరికి పోనివ్వకండి.

మేం మాట్లాడుకున్న తెరచాప పడవ ఎక్కకముందే పోర్ట్ ఎలిజబెత్‌లో ఒక పాక నన్ను పట్టేసుకుంది. అక్కడ నమూనా పడవలు చేస్తారు. ఒక పెద్దాయన మోచేతి పొడవున్న పడవ చట్టాన్ని ఒళ్లో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. కాసేపు రుద్దడం, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూడడం, రెండు బొటనవేళ్లూ రెండు పక్కలా ఒకేసారి ముందు నుంచి వెనక్కి నడిపించడం. కుడి వేలికీ ఎడమ వేలికీ ఒకే వంపు తగిలేదాకా రుద్దుతూనే ఉన్నాడు. ఎదురుగా బొమ్మ గీసిన కాగితం లేదు, కొలబద్ద లేదు. ఆయన చేస్తున్నది తిమింగలాల వేట పడవ నమూనా. రెండు కొనలూ మొనదేలి ఉండే ఆ పడవ 1870లలో అమెరికన్ వేట ఓడల ద్వారా ఈ దీవికి చేరింది. ఇప్పటికీ తెరచాపా తెడ్లతో వెళ్లి, చేత్తో బల్లెం విసిరే వేట అక్కడ ఉంది. ఏడాదికి నాలుగు హంప్‌బ్యాక్ తిమింగలాలకు మించకుండా అంతర్జాతీయ తిమింగల కమిషన్ అనుమతి ఇచ్చింది. ఆ వేట ఆగిపోవాలన్నదే నా కోరిక. ఆ పడవ మాత్రం బతకాలి.

పెద్ద పడవలూ ఈ దీవుల్లో ఇలా చూపు మీదే పుట్టాయి. ఫ్రెండ్‌షిప్ రోజ్ అనే రెండు కొయ్యల స్కూనర్‌ను బెక్వే వాళ్లే ఫ్రెండ్‌షిప్ బే ఇసుక మీద కట్టి, 1969లో నీటిలోకి దించారు. ఫెర్రీలు వచ్చేదాకా ఉత్తరాలనీ మనుషుల్నీ కింగ్స్‌టౌన్‌కు చేరవేసింది అదే. ఇప్పుడు యాత్రికుల్ని తిప్పుతోంది. ఇంకా దక్షిణాన, గ్రెనడా దేశంలోని కారియకూ దీవిలో విండ్‌వర్డ్ అనే ఊరుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఓడ వడ్రంగుల వారసులు అక్కడ ఇంటి ముందరి ఇసుకలోనే పడవలు కడతారు. అడవికి వెళ్లి వైట్ సీడార్ చెట్లలో సహజంగా వంపు తిరిగిన కొమ్మల్ని ఏరుకుని, ఏ వంపు పడవలో ఏ పక్కటెముకకు సరిపోతుందో అక్కడే తేల్చుకుంటారు. పడవ పూర్తయిన రోజు ఊరంతా చేరుతుంది. నిలబెట్టిన ఆనుకర్రల్ని గొడ్డళ్లతో ఒక్కొక్కటే నరుకుతూ పడవను మెల్లగా పక్కకు ఒరగనిచ్చి, దుంగల మీద నీటిలోకి లాగుతారు. ఈ విద్యను యునెస్కో 2023లో తన జాబితాలో చేర్చింది. చిన్నప్పుడు తాళ్లరేవులో ధోనీలు కట్టే మేస్త్రుల పక్కన గంటలకొద్దీ నిలబడినవాణ్ణి నేను. చెక్క వాసన, కీలు వాసన తగిలితే కాలు కదలదు. మిత్రులు నన్ను ఆ పాకలోంచి బయటికి లాక్కెళ్లాల్సి వచ్చింది.

ఈ జలాల్లోకి మన వైపు నుంచి వచ్చిన మొదటివాళ్లు విహారానికి రాలేదు. 1861 జూన్ 1న ట్రావన్‌కోర్ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తెచ్చి సెయింట్ విన్సెంట్‌లో దించింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చారు, ఒప్పంద కూలీలను రప్పించారు. మద్రాసు రేవు నుంచి అలా కరేబియన్‌కు వెళ్లిన ఓడల్లో తమిళ జిల్లాల వాళ్లతో పాటు తెలుగు జిల్లాల వాళ్లూ ఉండేవారు. జూన్ 1ని ఆ దేశం ఇప్పుడు భారతీయుల రాక దినంగా జరుపుకుంటోంది. కింగ్స్‌టౌన్ రేవులో ఫెర్రీ దిగేటప్పుడు ఆ తారీఖు ఒక్కసారి తలచుకోండి.

ఇక పడవ సంగతి. బెక్వే నుంచి టొబాగో కేస్ దాదాపు 25 నాటికల్ మైళ్లు. పేరు చూసి టొబాగో దీవి అనుకోవద్దు. ఇవి మనుషులెవరూ నివసించని అయిదు చిన్న లంకలు. వీటికి తూర్పున అట్లాంటిక్ అలల్ని ఆపుతూ హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంటుంది. మా కెప్టెన్ బెక్వేలోని పేజెట్ ఫార్మ్ ఊరివాడు. ముందురోజు సాయంత్రమే చెప్పేశాడు, ఏడింటికి లంగరు లేస్తుందని. మా డల్లాస్ మిత్రుడు ఎనిమిదింటికి వెళ్దామని బతిమాలాడు. కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. ఎందుకో మర్నాడు తెలిసింది.

పడవెక్కగానే ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించాడు. ముందు తెరచాప జిబ్ తాడు నాది. తాడు బిగించే వించ్ చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపుగా మూడు చుట్లు వేయాలి, అరచేయి తాడు మీద ఉండాలి, వేళ్లు మాత్రం చుట్ల దగ్గరికి పోకూడదు. గాలి ఒక్కసారి లాగితే వేలు నలిగిపోతుంది. దీవి చాటున ఉన్నంతసేపూ నీరు నెమ్మదిగా ఉంది. బెక్వే కొన దాటి బయటి సముద్రంలో పడగానే ఎడమవైపు నుంచి గాలి కొట్టింది, పడవ ఒరిగింది. కెప్టెన్ "వదులు" అంటే వదలడం, "లాగు" అంటే లాగడం. టొరంటో మిత్రుడికి కడుపులో తిప్పింది. కెప్టెన్ అతనికి చుక్కాని ఇచ్చి దూరంగా ఉన్న కానువాన్ దీవి కొండను చూస్తూ నడపమన్నాడు. పావుగంటలో తేరుకున్నాడు.

టొబాగో కేస్ చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఏడింటి రహస్యం ఇదే. దిబ్బల మధ్య దారిని కంటితో చదవాలి. ముదురు నీలం అంటే లోతు, లేత పచ్చనీలం అంటే కింద ఇసుక, గోధుమరంగు మచ్చ అంటే పగడం. ఎండ పైనుంచో వీపు వెనక నుంచో పడితేనే ఆ రంగులు విడివిడిగా కనిపిస్తాయి. పొద్దు వాలి కళ్లలో పడితే నీరంతా ఒకే వెండి రేకు అవుతుంది, దిబ్బ ఎక్కడుందో తెలియదు. మా మిత్రుల్లో ఒకరైన డాక్టరమ్మ చలవ కళ్లద్దాలు పెట్టుకుని ముందు కొన మీద నిలబడి చేత్తో కుడి, ఎడమ చూపించింది. ఎవరూ మాట్లాడలేదు. లంగరు పట్టాక కెప్టెన్ నీళ్లలో దూకి అది ఇసుకలో కూరుకుందో లేదో చూసి వచ్చాడు. ఇక సాయంత్రం దాకా పనేమీ లేదన్నాడు.

ఆ మధ్యాహ్నంలాంటిది అంతకుముందు బీచ్‌లో మాకు దక్కలేదు. బీచ్‌లో ఏ బాధ్యతా లేదు, నిజమే. కానీ తలా ఒక చెట్టు కింద తలా ఒక ఫోను పట్టుకుని ఉన్నాం. పేరుకు కలిసి వచ్చామే గానీ ఒకరికొకరం పెద్దగా అందలేదు. బరాడల్ లంక పక్కన, తేలే బుడగలతో హద్దు కట్టిన నీటిలో తాబేళ్లు సముద్రపు గడ్డి మేస్తుంటే మేమందరం పక్కపక్కనే తేలుతూ చూశాం. పైకి వచ్చి చాలాసేపు కబుర్లు చెప్పుకున్నాం. పొద్దున తాళ్లు పట్టిన చేతులు అలసిపోయాయి, మనసు ఖాళీ అయింది. ఆ తీరికను మాకు సంపాదించిపెట్టింది ఏడింటి క్రమశిక్షణే. అరుగు మీద కూర్చోమని నేను చెప్పేది నేల మీద మాట. నీటి మీద వేళ పాటించనివాడికి విశ్రాంతి లేదు. రోజంతా దారి వెతుక్కుంటూ భయపడడమే మిగులుతుంది.

కాబట్టి టీచరుగారూ, వెళ్లండి. పట్టికలో ఏడింటికి లంగరు ఎత్తడాన్ని ఒక్క నిమిషం కూడా జరపనివ్వకండి. నాలుగింటికి బయల్దేరి మరో తీరం అన్నది మాత్రం కొట్టేయించండి. ఆ వేళకు పొద్దు పడమటికి వాలుతుంది. పైన చెప్పిన రంగుల లెక్క మీకు నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. 2024 జులై 1న బెరిల్ తుపాను ఈ దక్షిణ దీవుల మీదుగా వెళ్లింది. యూనియన్ దీవిలో 90 శాతం ఇళ్లు కూలడమో తీవ్రంగా దెబ్బతినడమో జరిగిందని ఆనాటి ప్రధాని రాల్ఫ్ గొన్సాల్వెస్ ప్రకటించారు. అక్కడివాళ్ల బతుకు ఈ పడవల మీదే. మీ అబ్బాయి తానే నడుపుతానంటే వద్దనండి. బెక్వే మనిషినో యూనియన్ మనిషినో కెప్టెన్‌గా పెట్టుకోమనండి, కూరలూ పండ్లూ యూనియన్ దీవిలోని క్లిఫ్టన్ బజారులోనే కొనమనండి. పడవెక్కాక పెద్దవాళ్లు కదా అని మీ ఇద్దరినీ నీడలో కూర్చోబెట్టబోతారు. ఒప్పుకోవద్దు. జిబ్ తాడు అడిగి తీసుకోండి.