చిత్రముల కోవలు – ప్రేక్షకునితో ఒడంబడిక

ఇబ్రహీంపట్నపు కూడలియందు రెండు పెద్ద బాటలు చీలును. ఒకటి హైదరాబాదునకు పోవును. రెండవది మైలవరము, తిరువూరు, భద్రాచలముల మీదుగా జగదల్పూరునకు పోవును. అచ్చట నిలిచిన బాటసారి బస్సు రంగును జూచి యెక్కడు, దాని నొసటనున్న బోర్డును చదివి యెక్కును. బోర్డు ఒకటియు గమ్యము మఱియొకటియు నైనచో, బండి యెంత క్రొత్తదైనను, నడపువాడెంత నేర్పరియైనను, ఎక్కినవాడు సంతసింపడు. చలనచిత్రములకు గూడ ఇట్టి బోర్డు కలదు. నేటి చిత్రవ్యాపారులు దానిని జానరు అనుచున్నారు. మన పెద్దలు పౌరాణికము, జానపదము, చారిత్రకము, సాంఘికము అని పేళ్లు పెట్టి వ్యవహరించిరి. మేము దానిని కోవ యని పిలుతుము. ఈ కోవవలన చూచువారికిని తీయువారికిని కలుగు ప్రయోజనమేమి, అది చెడినచో నష్టపడువారెవరు అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

“మంచి చిత్రము, చెడ్డ చిత్రము అని రెండే విధములుండగా తక్కిన విభాగము లెందుకు?” అని చదువుకొన్నవారే కొందఱు అడుగుచుందురు. వినుట కింపుగా నున్నను ఈ మాట నిలువదు. భరతముని రూపకములను పదిగా విభజించెను. నాటకమునకు తగిన నాయకుడు ప్రహసనమునకు తగడనియు, ప్రహసనమున చెల్లు మాట నాటకమున చెల్లదనియు మన పూర్వు లెఱుగుదురు. ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. కృష్ణాతీరమున కూచిపూడివారి కలాపమును చూచు సభయు, హరికథను విను సభయు, బుఱ్ఱకథను విను సభయు ఒక్క యూరివారే యైనను ఒక్క తీరున కూర్చుండరు. హరిదాసు నడుమ పిట్టకథ నెత్తుకొన్నచో నవ్వుదురు. బుఱ్ఱకథలో వంతపాడువాడు నేటి రాజకీయమును ఎత్తిపొడిచినచో అది కథకు అడ్డమని యెవరును అనుకొనరు. దేనియందు ఏమి ఆశింపవలయునో, దేనియందు ఏది సహింపవలయునో వారికి ముందే తెలియును. ఈ తెలివియే కోవకు మూలము. కోవ చిత్రపు గుణమును చెప్పదు. ఆ గుణమును ఏ కొలతతో కొలువవలయునో చెప్పును. మాయాజాలపు కథలో మాంత్రికుడు గాలిలోనుండి మేడను సృష్టించిన “ఇది నమ్మదగునా?” అని అడుగువాడు మూర్ఖుడు. సంసారకథలో అట్టి మేడ వెలసిన అడుగనివాడు మూర్ఖుడు.

మొదట గృహస్థుని సంగతి చూతము. పట్టణమున సినిమాకు పోవుట నేడు చిన్న వ్యయము కాదు. భార్యాబిడ్డలతోడను, వీలైనచో ముసలి తల్లితోడను బయలుదేరు గృహస్థుడు ఒక సాయంకాలమును, కొంత ధనమును, వీనికంటె ముఖ్యముగా తన యింటివారి మనస్సులను, ఎఱుగని యొకరి చేతిలో పెట్టుచున్నాడు. సెన్సారువారి పత్రము అతనికి కొంత సాయము చేయును. 2024నుండి యూఏ పత్రములలో ఏడు, పదుమూడు, పదునాఱు ఏండ్లని వయోభేదములు గూడ చూపబడుచున్నవి. ఇది మెచ్చదగిన మార్పే. కాని ఆ పత్రము చూడదగిన వయస్సును చెప్పునే గాని, లోపల నవ్వు కలదో, దుఃఖము కలదో, భయము కలదో చెప్పదు. ఆ మాట చెప్పవలసినది కోవయే. గోడపత్రికపై నిండుకుటుంబమును నవ్వుచు నిలిపి, లోపల సగము చిత్రము కత్తులతోడను నెత్తుటితోడను నింపినవాడు అబద్ధపు బోర్డు కట్టినవాడు. ఆ చిత్రము కళగా గొప్పదైనను ఈ దోషము పోదు.

ఇక నిర్మాత మాట. విజయవాడ గాంధీనగరము చిరకాలముగా చిత్రములను పంచు వ్యాపారమునకు నెలవు. తెలుగు చిత్రమును నైజామనియు, సీడెడ్డనియు, కృష్ణాయనియు, గుంటూరనియు ప్రాంతములుగా విభజించి అమ్ముట వాడుక. కృష్ణా హక్కును కొనువాడు చిత్రము పూర్తికాకమునుపే సొమ్ము పెట్టవలసియుండును. చూడని వస్తువునకు వెల కట్టవలసినప్పుడు అతడు మొదట అడుగునది “ఏ కోవ?” అనియే. ఆ ఉత్తరమునుబట్టియే ఏ పండుగకు విడుదల చేయవలయునో, ఏ హాళ్లను కుదుర్చుకొనవలయునో నిర్ణయించుకొనును. నిర్మాతకు గూడ పెట్టుబడి కోవనుబట్టియే యుండును. పౌరాణికమునకు కిరీటములు, సభామంటపములు, ఛాయాగ్రాహకుని తంత్రములు కావలయును; సాంఘికమునకు ఒక లోగిలియు, నాలుగు మంచి సంభాషణములును చాలవచ్చును. ఏ కోవయో తేల్చుకొనక పని మొదలుపెట్టువాడు రెండు కోవల ఖర్చును భరించి ఒక కోవ రాబడినైనను పొందలేడు.

ఇంతవఱకు చెప్పినది లౌకికము. సంస్కారమును కోరు మన పాఠకులు గమనింపవలసిన లోతైన సంగతి మఱియొకటి కలదు. ఏ మాటను ఏ కోవలో చెప్పిన లోకము వినును, ఏ కోవలో చెప్పిన కోపించును అనునదే ఆ సంగతి.

1932లో భక్తప్రహ్లాద వెలువడిన పిమ్మట కొన్నియేండ్లు తెలుగు మాటాడు చిత్రమనగా పౌరాణికమే. జనులకు తెలిసిన కథ, తెలిసిన పద్యములు, నాటకరంగమునుండి వచ్చిన నటులు. నిర్మాతకు నష్టభయము తక్కువ. ఆ స్థితిలో కృష్ణాజిల్లావాడైన గూడవల్లి రామబ్రహ్మము 1938లో మాలపిల్లను తీసెను. కథ చలముగారిది. బ్రాహ్మణ యువకుడు హరిజన బాలికను ప్రేమించుటయు, హరిజనుల ఆలయప్రవేశమును అందలి విషయములు. దీనిని పురాణపు ముసుగులో చెప్పుట అసాధ్యము కాదు. మన పురాణములలో భక్తికి కులము లేదను కథలు కొల్లలు. కాని రామబ్రహ్మము సాంఘికమునే కోరుకొనెను. పురాణమున జరిగినది దేవతల మహిమయని తప్పించుకొనవచ్చును. సాంఘికమున ఆ వీథి మన వీథియే, ఆ గుడి మన గుడియే. చూచువానికి తప్పించుకొను దారి లేదు. 1939లో ఆయనయే రైతుబిడ్డను తీసి జమీందారీ సమస్యను తెరకెక్కించెను. 1940లో బి.ఎన్. రెడ్డి సుమంగళిలో వితంతు వివాహమును చర్చించెను. ఈ మువ్వురు నలువురు చిత్రములవలన సాంఘికమను మాటకు ఒక గౌరవము కలిగినది. ఆ పేరు విన్నంతనే “ఇందు మన యింటిమాట యేదో యుండును” అని జనులు సిద్ధపడి కూర్చుండుట అలవాటైనది.

దీనిప్రక్క 1951నాటి పాతాళభైరవిని పెట్టి చూడుడు. తోటవాని కొడుకు రాజకుమార్తెను ప్రేమించును. ఇది గూడ అంతరముల కథయే. మాలపిల్ల పేరు విని ముఖము చిట్లించిన ఛాందసుడు సయితము ఈ రామునికి రాకుమారి దక్కవలెనని కోరుకొనును. కారణము కోవయే. జానపదమున పేదవాడు రాజకన్యను పెండ్లాడుట ముత్తవ్వలనాటి మర్యాద, దానికెవరును కోపింపరు. ఇది జానపదమునకు గల గొప్ప సౌలభ్యము. కాని ఆ సౌలభ్యమునకు వెల కలదు. రాజు అడుగునది ఐశ్వర్యము. దేవి యిచ్చునది ఐశ్వర్యము. తోటరాముడు ధనవంతుడై వచ్చినందుననే పెండ్లిమాట సాగును. అడ్డుగోడ తప్పని ఈ కథ చెప్పదు, గోడను దాటుటకు బంగారు నిచ్చెన వేయును. మాలపిల్ల నిచ్చెన వేయక గోడనే ప్రశ్నించును. ఈ రెంటిలో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది యని మేమనము. కె.వి. రెడ్డి తన కోవలో చేయదగినదంతయు నిండుగా చేసెను. ఏ కోవ ఎంతవఱకు మోయునో చూచువారు ఎఱిగియుండవలెనని మాత్రమే మా తాత్పర్యము.

ఆ దర్శకుడే 1957లో తీసిన మాయాబజారు కోవను వశపఱచుకొన్నవాడు ఎంత సాధింపగలడో చూపును. బోర్డుపై నున్నది పౌరాణికము. శ్రీకృష్ణుడు, బలరాముడు, ఘటోత్కచుడు అందఱు నున్నారు. కాని శశిరేఖ పెండ్లికథ వ్యాసభారతమున లేదు. కథకు కీలకమేది? అభిమన్యునకు పిల్లనిత్తుమని మాటయిచ్చిన మేనమామ యింటివారు, పాండవులు రాజ్యము పోగొట్టుకొన్నంతనే మాట తప్పి, సిరిగల దుర్యోధనుని కొడుకునకు పిల్లను కట్టబెట్టజూచుట. ఆస్తి పోయిన బావమఱదులను చూచి తలుపు మూసికొను బంధువులు తెలుగుదేశమున ప్రతి వీథిలోను గలరు. ఆ రేవతీదేవి మాటలు విని నవ్విన గృహిణులు ఆమెను ద్వాపరయుగమున గాక తమ యిరుగుపొరుగుననే గుర్తించిరి. పౌరాణికపు వాగ్దానమును పూర్తిగా చెల్లించి, దానిపై సాంఘికమును లాభముగా నిచ్చిన చిత్రమిది. బోర్డు చెప్పిన యూరికి చేర్చి, దారిలో మఱియొక యూరిని చూపుట మోసము కాదు, ఔదార్యము.

హాస్యపు కోవకు గూడ ఇట్టి బలమును, ఇట్టి బలహీనతయు కలవు. 1955నాటి మిస్సమ్మలో ఉద్యోగముకొఱకు ఒక క్రైస్తవ యువతియు ఒక హిందూ యువకుడును దంపతులమని నటింతురు. గంభీరమైన కథగా చెప్పినచో ఆనాడు ఎన్ని యిండ్లలో వాదము చెలరేగియుండునో! నవ్వుచు చెప్పినందున అందఱును విని ఆనందించిరి. కాని హాస్యమునకు సుఖాంతము కావలయును, ఆ సుఖము ఎవరిని నొప్పింపరాదు. కావున చివర ఆ యువతి చిన్ననాడు తప్పిపోయిన హిందువుల బిడ్డయే యని తేలును. లేవనెత్తిన ప్రశ్నను కోవయే మెల్లగా దించివేసినది. ఎల్.వి. ప్రసాదు చేతిపనితనమును మెచ్చుచునే ఈ రాజీని గుర్తింపవలసియున్నది.

కోవవలని మేలు చెప్పితిమి. కీడు చెప్పకున్న పక్షపాతమగును. కోవ వేఱు, మూస వేఱు. మాకు సమీపముననే యున్న కొండపల్లిలో శిల్పులు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అవయవములను అతికి, బొమ్మలు చేయుదురు. అంబారీ యేనుగు తరతరములుగా అంబారీ యేనుగే. అయినను చేతితో చెక్కినది కావున ఏ రెండు నొక్కటిగా నుండవు. అది కోవ. అచ్చులో పోసి తీసిన బొమ్మ మూస. విజయవాడలో ఇంజనీరింగు చదివిన రాంగోపాల్ వర్మ 1989లో శివను తీసి, విద్యార్థులను పట్టిన రౌడీతనమును క్రొత్తకన్నుతో చూపెను. వెనుక వచ్చిన పెక్కుమంది ఆ కన్నును విడిచి సైకిలు చైనును మాత్రము పట్టుకొనిరి. 1999లో సమరసింహారెడ్డి విజయవంతమైన పిమ్మట ముఠాకక్షల కథలు వరుసగా వచ్చెను. కొన్నియేండ్లపాటు రాయలసీమ యనగా తెరపై కొడవళ్లు, బాంబులు, దుమ్ము రేపు కార్లు తప్ప మఱేమియు కానరాలేదు. అనంతపురపు వేరుసెనగ రైతు వానకై యెదురుచూచుట ఎవరికిని కథ కాలేదు. మూసవలన నష్టపడినవారు ప్రేక్షకులు మాత్రమే కారు, ఒక సీమప్రజలందఱును. తమ ముఖము తమకే గుర్తుపట్టరాకుండ చిత్రింపబడుట చిన్న అవమానమా?

నేడు దీనికి విరుద్ధమైన రోగము గూడ కలదు. ఒక్క చిత్రముననే పోట్లాటలు, తల్లి కన్నీరు, ప్రేమ, హాస్యము, దేశభక్తి అన్నియు పోసి “అందఱికిని” అని అమ్ముట. అందఱికిని ఉద్దేశింపబడినది తఱచుగా ఎవరికిని కాకపోవును. పెట్టుబడి పెరిగినకొలది నిర్మాతకు భయము పెరిగి, ఆ భయమే ఈ కలగూరగంపను కట్టించుచున్నది. కాని 1980లో శంకరాభరణము విడుదలయైనప్పుడు అందు పోట్లాటలు లేవు, యౌవనమున నున్న ప్రసిద్ధ నాయకుడు లేడు. నడివయస్సు దాటిన జె.వి. సోమయాజులు కథకు మూలస్తంభము. మొదట హాళ్లు పలుచగా నున్నను, చూచినవారు చూడనివారికి చెప్పగా నిండినవి. సంగీతకథయని చెప్పి సంగీతమునే యిచ్చెను గనుక చూచినవారు ధైర్యముగా ఇతరులకు చెప్పగలిగిరి. నోటిమాటకు ఆధారము నమ్మకము. నమ్మకమునకు ఆధారము మాట నిలుపుకొనుట.

కావున నిర్మాతలకు మా మనవి యిది: మీ చిత్రమేదియో మీరు తెలిసికొని, దానినే గోడపై వ్రాయుడు. విమర్శకులు హాస్యమును గంభీరము కాలేదనియు, జానపదమును వాస్తవము కాలేదనియు దూషింపక, దాని కోవలో అది ఎంత చేసెనో, చేయగలిగియు ఎచ్చట జంకెనో చెప్పవలెను. ఇక గృహస్థులారా, గృహిణులారా, చిత్రమును చూచి వచ్చిన రాత్రి “బాగున్నది, బాగులేదు” అను రెండు ముక్కలతో సరిపెట్టకుడు. ఏమి యిత్తుమని పిలిచిరి, ఏమి యిచ్చిరి, అడిగిన ప్రశ్నకు ఉత్తరము చెప్పిరా, మధ్యలో దాచివేసిరా యని మీ బిడ్డలతో మాటాడుడు. అట్లు అడుగు నేర్చిన పిల్లలు తెరనే గాక, రేపు వార్తాపత్రికను, ఎన్నికల ఉపన్యాసమును గూడ అదే కన్నుతో చూడగలరు.