వాడను కొలిచే బద్ద ఎవరి చేతిలో ఉంది?

విదేశీ అప్పుతోనో సాయంతోనో మురికివాడను బాగుచేసే పథకం రాగానే, దాని వెంట ఒక పర్యావరణ మదింపు పత్రం వస్తుంది. నేల, నీరు, గాలి, చప్పుడు, చెట్టుచేమ - వీటి మీద ప్రభావం ఎంతో గడులు గీసి నింపుతరు. ఎస్సీల జనాభా కూడా ఉంటుంది. అయితే అది వేరే అధ్యాయంలో, సామాజిక మదింపు అనే పేరు కింద ఒక అంకెగా పడి ఉంటుంది. నీళ్ళ గడికీ కులం గడికీ నడుమ గీత కలిపే వాళ్ళుండరు. ఈ వ్యాసం అడిగేది ఆ గీత గురించే.

మా ఆత్మకూరు 2018లో పురపాలక సంఘమైంది. ఊరు పట్టణమైతే నిన్నటిదాకా 'వాడ' అన్నది రేపు కాగితంలో 'మురికివాడ' అవుతుంది. వాడకు ముందు మురికి చేరడానికి పట్టేది ఒక్క సంతకమే. నేను అట్లాంటి వాడలోనే పుట్టిన. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. వానలు పడితే పైనున్న ఊరి మోరీ నీళ్ళన్నీ మా వాకిట్లోకే వచ్చేవి. మా అవ్వ డొక్కు గిన్నెతో ఎత్తిపోసేది. ఆ నీళ్ళు మావి కావు. కానీ సర్వే చేసేటాయన వచ్చినప్పుడు రాసుకున్నది మా వాకిలినే. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నయో చూడ్డానికి నాలుగడుగులు పైకి నడవలేదు.

ఇది ఒక ఉద్యోగి బద్ధకం కాదు, చట్టం చూపే అట్లా ఉంది. 1956 నాటి ఆంధ్రప్రదేశ్ మురికివాడల అభివృద్ధి, భూసేకరణ చట్టం ఒక చోటును మురికివాడగా ప్రకటించడానికి చెప్పే కారణం ఏంది? అది పల్లంగానో, అపరిశుభ్రంగానో ఉండి ఇరుగుపొరుగుల ఆరోగ్యానికీ భద్రతకూ సౌకర్యానికీ ప్రమాదం కావడం. అంటే వాడ ఊరికి ప్రమాదం. ఊరు వాడకు ప్రమాదం కావచ్చన్న ఊహే లేదు. ఆ పల్లంలో వాడను పెట్టిందెవరు? మంచి నేల, ఎత్తు నేల, చెరువు కట్ట, గుడి ముంగిలి ఊరు తీసుకుంటే మిగిలింది వాడకొచ్చింది. లంద కంపు వాడదని రాస్తరు. ఆ లందలో తంగేడు చెక్కతో ఊనిన తోలు చెప్పయ్యీ మోట బొక్కెనయ్యీ ఎవరి కాళ్ళకు, ఎవరి బావులకు పోయిందో రాయరు. సరుకు ఊరికి, వాసన వాడకు.

తెలుగు దేశంలో నిజమైన పర్యావరణ మదింపు ఒకటి జరిగింది. దాన్ని ఏ నిపుణుడూ చెయ్యలేదు. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో, దళితులు తాగే చెరువు దగ్గర అగ్రకుల యువకులు బర్రెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక దళిత కుర్రవాడు వద్దన్నాడు. అతని మీదికి వాళ్ళు పోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. నీరు చెడింది, చెరిపింది వీళ్ళు, తాగేది మేము - మూడు ముక్కల్లో మదింపు అయిపోయింది. మరునాడు, జులై 17న, దళితవాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. అదే నెల 10న సుప్రీంకోర్టు ముంబై పేవ్‌మెంటు వాసుల కేసులో బతుకుతెరువు బతికే హక్కులో భాగమని చెప్పింది. ఆ మాట కోర్టు నుంచి కారంచేడుకు వారంలో చేరలేదు. నలభై ఏళ్ళయినా మదింపు పత్రాల్లోకీ చేరలేదు.

1994 జనవరిలో పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వచ్చింది. బహిరంగ విచారణ 1997లో చేరింది. 2006 నోటిఫికేషన్ 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. కానీ భవన నిర్మాణాలకూ టౌన్‌షిప్‌లకూ ప్రజల్ని అడిగే పని లేదని మినహాయించింది. గుడిసెలు తీసేసి అపార్టుమెంట్లు కట్టాలంటే సిమెంటు లెక్క కావాలి, గుడిసె మనిషి మాట అక్కర్లేదు. ఇక సీసీ రోడ్డు, మోరీ, నల్లా వంటి చిన్న పనులైతే ఆ నోటిఫికేషన్ కిందికే రావు. రెండు దార్లలోనూ వాడ నోరు మూతే.

మరుగుదొడ్లు కట్టినంక సెప్టిక్ ట్యాంకు నిండుతుంది. ఎవరు దిగుతరు? పాకీపని నిషేధానికి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చినయి. అయినా మదింపు పత్రంలో 'నిర్వహణ' అన్న ఒక్క మాట ఉంటుంది. ఆ మాట వెనక ఉన్న కులం ఏదో మనకు తెలుసు. కోలారు బంగారు గనుల తెలుగు పాకీ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నడు.

పర్యావరణం పేరుతో వాడను బాగుచేయడమే కాదు, లేపేయడమూ ఉంది. 2000లో చెత్త మీద నడిచిన అల్మిత్రా పటేల్ కేసులో సుప్రీంకోర్టు, ఆక్రమణదారుకు స్థలమివ్వడాన్ని జేబుదొంగకు బహుమానమివ్వడంతో పోల్చింది. 2024లో హైదరాబాదులో మూసీ ప్రక్షాళన పేరుతో నది గర్భంలో ఉన్నాయన్న ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులేశారు. మూసీని నల్లగ చేసింది నగరం మొత్తం మురుగూ, ఫ్యాక్టరీల నీళ్ళూ. ఎర్ర గుర్తు పడ్డది మాత్రం ఒడ్డున బతికేటోళ్ళ గోడ మీద. పాలమూరు లేబరు పేరుతో దేశమంతా డ్యాములు కట్టిన మా వాళ్ళు ఊరి వాడ నుంచి నగరపు బస్తీకి పోయిండ్రు. పల్లం మాత్రం వెంటే పోయింది.

మోరీ వద్దంటున్నమా, మదింపు వద్దంటున్నమా అని ఒక మిత్రుడు అడిగిండు. కాదు. మాకు నల్లా కావాలి, పట్టా కావాలి, గట్టి మోరీ కావాలి. వాడను వాడగా కాపాడుకుందామన్న ముచ్చటా మాకు లేదు. మేము అడిగేది కొలతబద్దను తిప్పమని. మురికి ఎక్కడుందో కాదు, ఎక్కణ్ణుంచి వస్తుందో మొదటి గడిలో రాయాలి. పైనున్న ఊరి మోరీ ఎక్కడ కలుస్తుందో పటంలో గీయాలి. మరుగు శుభ్రం చేసే చేతులు ఎవరివో, యంత్రం ఎవరు కొంటరో రాయాలి. పత్రం తెలుగులో వాడలోనే చదివి వినిపించాలి. వాడ ఆడోళ్ళు వద్దంటే పథకం ఆగాలి.

కారంచేడులో బిందె ఎత్తిన చేతికి ఆ పత్రంలో సంతకం చేసే చోటు ఉండాలి. అది లేనంత కాలం వాళ్ళు కొలిచేది పర్యావరణాన్ని కాదు, మమ్మల్ని.