మానసిక అసాధారణత: నిర్వచనాలు, దృక్పథాలు – కాపరి పరిచర్య దృష్టితో ఒక విమర్శ

సంఘంలో ఒక విశ్వాసి ప్రవర్తన మారినప్పుడు మొదట తీర్పు చెప్పేది తరచుగా వైద్యుడు కాదు, కుటుంబం, సంఘకాపరి. కాబట్టి 'అసాధారణం' అనే మాటను మనం ఏ కొలతతో వాడుతున్నామో పరీక్షించుకోవాలి.

1. నిర్వచనాలు

పాఠ్యగ్రంథాలు ముఖ్యంగా నాలుగు కొలతలు చెబుతాయి: సగటు నుండి తొలగడం, సమాజ కట్టుబాటును మీరడం, వేదన, దైనందిన జీవితం కుంటుపడడం. మొదటి రెండూ బలహీనమైనవి. కట్టుబాటే కొలతైతే ప్రవక్తలు సైతం రోగులే. యేసుకు మతి చలించిందని ఆయన ఇంటివారే అనుకున్నారు (మార్కు 3:21), ఫేస్తు పౌలును వెర్రివాడన్నాడు (అపొ. కా. 26:24). వేదన ఒక్కటీ చాలదు. ఆప్తులను పోగొట్టుకొని దుఃఖించడం రోగం కాదు. మరోవైపు, ఉన్మాదస్థితిలో ఉన్నవానికి తన వేదన తెలియకపోవచ్చు. కనుక వేదన, జీవితం కుంటుపడడం, తనకు గాని ఇతరులకు గాని ప్రమాదం, అది ఎంతకాలంగా ఉన్నది – వీటన్నిటినీ కలిపి చూడాలి.

2. దృక్పథాలు

జీవవైద్య దృక్పథం మెదడు, వంశపారంపర్యం వైపు చూస్తుంది. స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి వ్యాధులలో మందుల మేలు కాదనలేనిది. అయితే అపరాధభావానికి, జీవితార్థానికి సంబంధించిన ప్రశ్నలకు మందు జవాబివ్వదు. ఫ్రాయిడ్ బాల్యానుభవాల ప్రాముఖ్యాన్ని చూపాడు. కాని ఆయన సిద్ధాంతాలలో అనేకం రుజువుకు అందవు. ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే చికిత్స కుంగుబాటులో, భయాలలో ప్రయోజనకరమని తేలింది.

మన సెమినరీలలో చర్చించవలసినది జే ఆడమ్స్ 1970లో 'కాంపిటెంట్ టు కౌన్సెల్' గ్రంథంలో ప్రతిపాదించిన మార్గం. కౌన్సెలింగ్ బాధ్యతను, వాక్యాధికారాన్ని తిరిగి సంఘానికి అప్పగించడం దాని మేలు. శారీరక కారణం కనబడనిచోట పాపాన్నే ప్రధాన కారణంగా వెదకడం దాని లోపం. యోబు స్నేహితులు చేసినదీ అదే. చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రను, ఆహారాన్ని ఇచ్చాడు; ప్రశ్న ఆ తరువాతనే వచ్చింది (1 రాజులు 19:4–9).

3. కాపరి బాధ్యత

ప్రతి రోగాన్నీ దయ్యమనడం మరో ప్రమాదం. గెరాసేనుల దేశంలో ఊరివారు సంకెళ్లు వేశారు. యేసు స్వస్థచిత్తునిగా ఇంటికి పంపాడు (మార్కు 5). 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, స్వస్థత ఆశించి తెచ్చిన రోగులు గొలుసులతో కట్టబడి ఉండగానే అగ్నికి ఆహుతయ్యారు; మొత్తం 28 మంది మరణించారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. స్వస్థత కూటములు జరిపే మనమూ ఇది గుర్తుంచుకోవాలి.

ప్రార్థన చేద్దాం, వైద్యుని వద్దకూ తోడు వెళ్దాం. మందులు మానమని చెప్పే అధికారం మాత్రం కాపరికి లేదు.